మంచు కురవని ఊళ్లో మంచు కథ

లేహ్‌లోనో తవాంగ్‌లోనో కొన్నాళ్లు చదివి వచ్చిన పిల్లలు ప్రతి బడిలోనూ ఒకరిద్దరు ఉంటారు. మంచు పడిన రోజు సంగతులు వాళ్లు చెబుతుంటే మిగతావాళ్లు నోరు తెరుచుకుని వింటారు. మాంగోలో మంచు పడదు. సువర్ణరేఖ మీద పొగమంచు కమ్ముకుంటుంది, దల్మా కొండలు కనిపించకుండా పోతాయి, వంతెన మీద బండ్లు పగలే లైట్లు వేసుకుని వెళ్తాయి. అంతే. అయినా జనవరిలో ఏదో ఒక రాత్రి ఫోనుకు సందేశం వస్తుంది: చలిగాలుల వల్ల రేపు బడికి సెలవు. మన మంచు రోజు అదే.

మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే దాన్ని చలిగాలిగా లెక్కేస్తుంది వాతావరణ శాఖ. లంబసింగి వాళ్లు ఈ లెక్క వింటే నవ్వుతారేమో. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మాకు మాత్రం 10 డిగ్రీలంటే రెండు రగ్గులు, ఒక మఫ్లరు.

ఈ సెలవు గురించి మా అభిప్రాయం ఒకటుంది. టీచర్లమై ఉండి ఇలా అంటున్నారేమిటని పెద్దలు కోప్పడినా సరే. చలి సెలవును చలి సెలవుగానే ఉంచాలి. సందేశం వచ్చిన పది నిమిషాలకే ఆన్‌లైన్ క్లాసులు, వర్క్‌షీట్లు, పాత ప్రశ్నపత్రాలు మొదలవుతాయి. మేమూ ఒక ఏడాది ఆ పని చేశాం. రగ్గు కప్పుకుని ఫోను ముందు కూర్చున్న ముప్ఫై మంది పిల్లల ముఖాలు చూశాక మళ్లీ చేయలేదు.

మరి ఏం చేయాలి? ముందు, చూసిందే మళ్లీ చూడాలి. మా ఇంట్లో ‘అమృతం’ పెడతాం. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ఆ ధారావాహిక మా చదువుకునే రోజులది. ఇప్పుడు అయిదో తరగతి చదివే మా పాపకు అందులో అప్పాజీ ఎప్పుడు అద్దె అడుగుతాడో, సర్వం ఎప్పుడు నోరు జారతాడో ముందే తెలుసు. తెలిసి కూడా పడీపడీ నవ్వుతుంది. చూసిందే చూడటం దండగ అంటారు కొందరు. మూడు నాలుగేళ్లకోసారి కొత్త ఊరు, కొత్త బెంచీ, కొత్త స్నేహితులు, వీధిలో కొత్త భాష. అలాంటి పిల్లకు తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటు ఒక్కటైనా ఉండాలి కదా? ఊరు మారినా అప్పాజీ మారడు. పైగా ఆ అరగంట చెవిన తెలుగు పడుతుంది.

అయితే చెవి ఒక్కటే చాలదని మాకు ఈ జనవరిలోనే తెలిసింది. సెలవు మొదటి రోజు పదకొండింటికి కరెంటు పోయింది. ఫోన్లలో ఛార్జింగు లేదు. బయట ఎండ లేదు. పాప విసుక్కుంటూ అటక మీది పెట్టె దింపించింది.

ఆ పెట్టె గురించి చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. మాంగో మాకు అయిదో ఊరు. ఇక్కడికి వచ్చేటప్పుడు లారీలో చోటు చాలదని మూడు అట్టపెట్టెల తెలుగు పుస్తకాలను పాత పేపర్ల వాడికి తూకానికి ఇచ్చేశాం. కూలరును మాత్రం తెచ్చుకున్నాం. అది ఇక్కడికొచ్చిన నెలకే చెడిపోయింది. మిగిలింది ఒక్క పెట్టె. అందులో అమ్మ చిన్నప్పుడు విశాలాంధ్ర దుకాణంలో కొనుక్కున్న పుస్తకం ఒకటి ఉంది: అర్కాదీ గైదార్ రాసిన చుక్, గెక్ అనే అన్నదమ్ముల కథ.

పిల్లలూ, ఒకప్పుడు మాస్కోలో తెలుగు పుస్తకాలు అచ్చయ్యేవంటే నమ్ముతారా? ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి వాళ్లు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. మంచు ముఖం చూడని కోస్తా పిల్లలెందరో మొదట మంచును చూసింది ఆ పుస్తకాల బొమ్మల్లోనే.

ఈ కథ మన కథే. నాన్న భూగర్భ పరిశోధకుడు, ఎక్కడో దూరాన కొండల్లో ఉద్యోగం. అమ్మ, ఇద్దరు పిల్లలు మాస్కోలో. నాన్న రమ్మని రాస్తాడు. తీరా బయలుదేరే ముందు ఒక టెలిగ్రాం వస్తుంది. అన్నదమ్ములు కొట్టుకుంటారు, టెలిగ్రాం దాచిన రేకుడబ్బా కిటికీలోంచి మంచులోకి పోతుంది. అమ్మ అడిగితే చెబుదాం, అడక్కపోతే వద్దు అనుకుంటారు. రైలెక్కి, ఆపైన స్లెడ్జి బండెక్కి అడవిలోకి చేరితే అక్కడ కాపలావాడు తప్ప ఎవరూ లేరు. రెండు వారాలు ఆగి రమ్మన్నది ఆ టెలిగ్రాం! ఇక చుట్టూ మంచు, చిన్న గుడిసె, ఎదురుచూపు. నాన్న వేరే ఊళ్లో, మనం వేరే ఊళ్లో ఉండి ‘క్వార్టర్ దొరికాక రండి’ అనే మాట కోసం కాచుకున్న వాళ్లకు ఆ ఎదురుచూపు గురించి మేం చెప్పక్కర్లేదు.

పాప వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. హిందీ గడగడా చదివే పిల్ల, తెలుగు వచ్చేసరికి ఒత్తు ఒత్తుకూ ఆగింది. వసారాలో స్వెట్టరు అల్లుకుంటున్న పక్కింటి పెద్దమ్మ విని లోపలికి వచ్చింది. ఆమె తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. 1912లో ఇక్కడ మొదటి ఉక్కు తయారయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఎందరో పనికి వచ్చి స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లో రాముడికి గుడి కూడా కట్టుకున్నారు. పెద్దమ్మ ఇంట్లో మాట ఇప్పటికీ తెలుగే. అక్షరం మాత్రం ఆమెకు రాదు, ఆమె పిల్లలకూ రాదు.

‘‘ఓలమ్మో, టెలిగ్రాం పారేసినారా! తరవాత ఏటైనాదే?’’ అని నేల మీద కూర్చుండిపోయింది.

పాప ఒకచోట ‘కుంపటి’ అని చదివి ఆగిపోయింది. అక్షరాలు కూడబలుక్కుంది గానీ అదేమిటో తెలియదు. ‘‘అదేనే, బోర్సీ!’’ అంది పెద్దమ్మ. (తలుపులన్నీ మూసిన గదిలో బోర్సీ పెట్టుకోకండి పిల్లలూ, ఆ గాలి ప్రాణాలు తీస్తుంది.) పాపకు అక్షరం తెలుసు, మాట తెలియదు. పెద్దమ్మకు మాట తెలుసు, అక్షరం తెలియదు. ఇద్దరూ కలిస్తే ఒక పేజీ నడిచింది.

మేము భయపడ్డది అక్కడే. మా పాప ఇంకో రెండు బదిలీల్లో ఆ వేలు పెట్టి చదవడం కూడా మరిచిపోతుందేమో. తెలుగు నేర్పే మా ఇంట్లోనే ఇలా ఉంటే, రోజంతా డ్యూటీలో ఉండే మీ అమ్మానాన్నలు తీరిక ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే వాళ్లను కాదు, మిమ్మల్నే అడుగుతున్నాం. బదిలీ ఉత్తర్వు వచ్చి సామాను సర్దేటప్పుడు ఒక పెట్టె మాది అని పట్టుబట్టండి. అందులో మీ మాతృభాష పుస్తకాలు, తెలుగో ఒడియానో బెంగాలీనో, పెట్టుకోండి. మీకు ఇష్టమైనవే, మంచివని పెద్దలు చెప్పినవి కానక్కర్లేదు. చలి సెలవు రోజున మూడు ఎపిసోడ్లు చూసుకోండి, నాలుగు పేజీలు పైకి చదవండి. తప్పులు దిద్దేవాళ్లు పక్కన లేకపోయినా ఫర్వాలేదు, వినేవాళ్లు ఒకరుంటే చాలు.

రెండున్నరకు కరెంటు వచ్చింది. పాప టీవీ వైపు చూసింది, పెద్దమ్మ పుస్తకం వైపు చూసింది. ఆ పూటకు అప్పాజీయే గెలిచాడు. మూడో రోజుకు సెలవు అయిపోయింది. చుక్, గెక్‌ల నాన్న ఇంకా రాలేదు, ఇంకా చాలా పేజీలున్నాయి. టుసు పండగకు పిఠా తెస్తానని, ఈలోగా తను లేకుండా చదివేయొద్దని పెద్దమ్మ పాపతో ఒట్టు వేయించుకుంది.