గోడ మీద మందు.. మందు మీద దోమ

1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతు కొట్టిన మందుకు పురుగు చావలేదు. అదే మందు తాగి రైతు చచ్చిపోయాడు. ఈ సంగతి ఊరూరికీ తెలుసు. ఏజెన్సీ గూడేల్లో ఇంటి గోడల మీద కూడా ఇదే కథ నడిచిందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అక్కడ పురుగుకు బదులు దోమ. రైతుకు బదులు ఆదివాసీ పసిబిడ్డ.

మలేరియాను మోసేది దోమేనని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే. ఏటా ఆ రోజున దోమల దినం జరుపుతారు. ఉపన్యాసాలిస్తారు. మన దోమ ఏ మందుకు చస్తున్నది, ఏ మందుకు చావడం లేదు అన్న లెక్క మాత్రం మేం తిరిగిన ఏ గూడెం దవాఖాన గోడ మీదా కనిపించలేదు.

పల్లెల్లో ఈ జబ్బును ఎక్కువగా మోసేది అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అనే దోమ. వాగు మడుగులు, కాలువలు, వరి మడులు దాని పుట్టిళ్లు. రక్తం తాగి బరువెక్కిన దోమ గోడ మీద వాలుతుంది. గోడకు కొట్టిన మందు కాళ్లకు అంటి చస్తుంది. 1953లో ఈ లెక్కతోనే దేశమంతా డీడీటీ కొట్టడం మొదలైంది. ఏటా 7.5 కోట్ల మందికి వచ్చే జ్వరం 1965 నాటికి లక్షకు దిగింది. మలేరియా పోయిందని పాలకులు చంకలు గుద్దుకున్నారు. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి.

నిధులు తగ్గాయి, డీడీటీకి కరువొచ్చింది, పనిలో అలసత్వం పెరిగింది. నిజమే. వాటితోపాటు దోమ కూడా మారింది. మందుకు అలవాటు పడిందంటారు కానీ అది అలవాటు కాదు. లక్షల దోమల్లో ఏ నాలుగైదో పుట్టుకతోనే మందును తట్టుకుంటాయి. మిగతావి చస్తే అవే మిగులుతాయి. తర్వాతి సంతానమంతా వాటిదే. రెండు మూడు వారాలకో తరం పుట్టే జీవికి పదేళ్లంటే ఎంత కాలం! డీడీటీ తర్వాత బీహెచ్‌సీ, తర్వాత మలాథియాన్, 1990లలో పైరిథ్రాయిడ్లు. ఒక్కొక్కటే మొద్దుబారుతూ వచ్చాయి. పైగా డీడీటీ, పైరిథ్రాయిడ్లు రెండూ దోమ నరాల్లో ఒకే చోట దెబ్బకొడతాయి. అక్కడ మార్పు వచ్చిన దోమకు రెండూ ఎక్కవు. పేరు మారింది, డబ్బా మారింది, దెబ్బ మారలేదు.

ఇక్కడే చేను గుర్తుకు రావాలి. పైరిథ్రాయిడ్లు మలేరియా శాఖ చేతికి రాకముందే, 1980లలోనే పత్తి చేలను తడిపాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ పేర్లు తెలియని పత్తి రైతు ఎవరు? ఆ మందు వానకు కొట్టుకుపోయి చేరిన మడుగులోనే దోమ పిల్ల పెరిగింది. పంట మందుల వల్ల దోమలు మొండికేయడాన్ని పత్తి పండే ఆఫ్రికా దేశాల్లోనూ శాస్త్రవేత్తలు గుర్తించారు. మన దగ్గర వ్యవసాయ శాఖది ఒక దారి, ఆరోగ్య శాఖది ఇంకో దారి. దోమకు ఆ గిరిగీతలు లేవు.

తప్పు మాత్రం ఎప్పుడూ ఆదివాసీదే. మందు కొట్టిన గోడను మళ్లీ అలుకుతారట, లోపలి అర్రలో కొట్టనివ్వరట. నిజంగానే అలుకుతారు, పండుగకు ఇల్లు అలుక్కోని గూడెం ఉంటుందా? అలికే రోజులు చూసుకొని మందు కొట్టాల్సింది ఎవరు? కొట్టినా దోమ చావకపోతే ఆ కంపును ఎవరు భరించాలి? చావులొచ్చినప్పుడేమో ‘విషజ్వరాలు’ అని ఒక పేరు పెట్టేస్తారు. మా పత్రికలూ అదే అచ్చేశాయి. ఆ తప్పు మాదీ.

పరీక్ష బ్రహ్మవిద్య కాదు. మందు పూసిన కాగితమున్న గొట్టంలో దోమలను గంటసేపు ఉంచాలి, 24 గంటల తర్వాత లెక్కబెట్టాలి. నూటికి 90 కంటే తక్కువ చస్తే ఆ మందుకు అవి లొంగనట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం. ఈ లెక్క చూడకుండా మందు కొనడమంటే సర్కారు సొమ్మును గోడకు పూయడమే. పైరిథ్రాయిడ్లకు లొంగని చోట్ల క్లోర్‌ఫెనపైర్ కలిపిన దోమతెరలు వాడాలని ఆ సంస్థ 2023లో చెప్పింది. అట్లని పాత తెరను పారేయొద్దు. మందు పనిచేయకున్నా, చిరగని తెర దోమను ఆపుతుంది.

కేసులు తగ్గాయి కదా అనొచ్చు. నిజమే, బాగా తగ్గాయి. 2030 నాటికి మలేరియాను లేకుండా చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. 1965లోనూ ఇట్లాగే తగ్గాయి.

ఈసారి వానలకు ముందు పంపు పట్టుకొని గూడెంలోకి వచ్చిన మనిషిని ఆపి అడగండి. ఇది ఏం మందు? మా దోమల మీద దీన్ని ఎప్పుడు పరీక్షించారు? నూటికి ఎన్ని చచ్చాయి? అతనికి తెలియకపోతే అది అతని తప్పు కాదు. అతన్ని పంపినవాళ్లను అడగండి.