పంపు పీల్చితే చాలదు, చేతులకూ పని ఉండాలి

దమ్ముతో మా వార్డుకు వచ్చేవారిలో చాలామంది చెప్పే మాట ఒకటుంది: "మెల్లగ నడిస్తే ఏం కాదు సిస్టరమ్మా, తల దువ్వుకుంటేనే దమ్మొస్తది." ఇంట్లో వారికి ఇది వింతగా తోస్తుంది. కాని ఇది నిజమే.

ఏళ్ల తరబడి బీడీ, చుట్ట, కట్టెల పొయ్యి పొగ, దుమ్ము పీల్చిన వారిలో కొందరికి శ్వాసనాళాలు ఇరుకవుతాయి. దీనినే డాక్టర్లు సి.ఓ.పి.డి. అంటారు. మన దేశంలో 2016 నాటికి సుమారు 5.5 కోట్ల మందికి ఈ జబ్బు ఉన్నట్లు అంచనా. పీల్చిన గాలి పూర్తిగా బయటకు రాక లోపలే నిలుస్తుంది. అప్పుడు మెడ, భుజాల కండరాలు కూడా శ్వాసకు సాయపడవలసి వస్తుంది. చేయి పైకెత్తితే అవే కండరాలు చేతిని మోయాలి. అందుకే ఆయాసం. 1986లో అమెరికాలో డాక్టర్ సెల్లీ, ఆయన సహచరులు ఇటువంటి రోగుల చేత కాళ్ల వ్యాయామం, చేతుల వ్యాయామం విడివిడిగా చేయించి చూశారు. చేతుల వ్యాయామాన్నే వారు త్వరగా ఆపవలసి వచ్చింది.

ఇది తెలియక మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? "నువ్వు కూసో బాపూ, మేం చేస్తం" అని బట్టలు ఆరేసే పని, మొక్కలకు నీళ్లు పోసే పని అన్నీ మాన్పిస్తున్నాము. ఇది ప్రేమే. కాని పని లేని చేయి బలహీనపడుతుంది. బలహీనపడిన చేయి చిన్న పనికే ఎక్కువ ఊపిరి అడుగుతుంది. చివరకు బాపు తన అంగీ తాను తొడుక్కోలేని స్థితికి వస్తాడు.

పంపు గురించి కూడా ఒక మాట. అది అలవాటైపోతుందని, ఆఖరి మందని భయపడకండి. సాల్బుటమాల్ పంపు కొద్ది నిమిషాలలోనే శ్వాసనాళాలను వెడల్పు చేస్తుంది. దాని ప్రభావం 4 నుండి 6 గంటలు ఉంటుంది. చాలామంది దమ్ము వచ్చాక పీల్చి, తగ్గగానే పడుకుంటారు. ఊపిరి తేలికగా ఉన్న ఆ సమయమే చేతులకు పని చెప్పవలసిన సమయమని మా అభిప్రాయం. డాక్టరు అనుమతితో, వ్యాయామానికి 10, 15 నిమిషాల ముందు పంపు వాడవచ్చు. రోజూ వాడమన్న మందును మాత్రం మానకూడదు, సొంతంగా పెంచకూడదు.

వ్యాయామానికి ఖర్చు లేదు. కుర్చీలో నిటారుగా కూర్చోండి. మొదట వట్టి చేతులతో, తరువాత అరలీటరు నీళ్ల సీసాలతో చేయండి. పెదవులు సున్నాలా చుట్టి గాలి వదులుతూ చేతులు ఎత్తండి, పీలుస్తూ దించండి. 8, 10 సార్లు చేసి విశ్రాంతి తీసుకోండి. వారానికి మూడు రోజులు చాలు. కొంచెం ఆయాసం వస్తే భయం లేదు. మాట రానంత ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపాలి. గుండె జబ్బు ఉన్నవారు, ఇటీవల దమ్ము ఎక్కువై ఆసుపత్రిలో చేరినవారు ముందుగా డాక్టరును అడగాలి.

దీనితో పాడైన ఊపిరితిత్తులు మళ్లీ కొత్తవి కావు. కాని స్నానం, తల దువ్వుకోవడం, బట్టలు ఆరేయడం తేలికవుతాయి. నడక మంచిదే. అయితే కాళ్లకు వచ్చిన బలం చేతులకు రాదు.

మందు చీటీ రాసి పంపడంతో చికిత్స పూర్తి కాదని, చేతుల వ్యాయామం నేర్పడం కూడా ప్రతి ఆసుపత్రి బాధ్యత అని మేము నమ్ముతున్నాము. ఈసారి వచ్చినప్పుడు మీ పంపు వెంట తెచ్చుకోండి. నర్సు ఎదుట ఒకసారి పీల్చి చూపించి, వ్యాయామం నేర్చుకుని వెళ్లండి. ఇంట్లో వారు కూడా వెంట రండి. మీరు చూసి నేర్చుకుంటే, బాపు పనిని ఆయనకు తిరిగి ఇవ్వడానికి భయపడరు.