కళాశాలలో పాఠములు మొదలగుటకు ముందు

ఆవకాయ జాడీలకు వాసెనలు కట్టుట ముగియు నాటికి, ఇంటర్మీడియెటు పరీక్షలో కృతార్థురాలైన బాలిక యున్న యింట మరియొక సందడి మొదలగును. అమ్మాయిని ఏ కాలేజీలో చేర్పించుచున్నారని యిరుగుపొరుగువా రడుగుదురు. తండ్రి జీతమెంతో విచారించును. తల్లి దూరమెంతో, త్రోవ యెట్టిదో విచారించును. ఇవన్నియు అడుగదగినవే. కాని ఫలితములు వచ్చిన దినమునకును, మొదటి పాఠము చెప్పు దినమునకును నడుమ బాలిక దాటవలసిన చిన్న చిన్న గడపలు కొన్ని కలవు. ఒక్కొక్క గడపకు ఒక్కొక్క గడువు. మంచి మార్కులు వచ్చిన పిల్లలు సయితము వీనిలో నేదో యొకదానియొద్ద తడబడి, కోరిన చోటు పోగొట్టుకొనుచున్నారు. మగపిల్లవానికి ఒక సంవత్సరము పోయినచో ఒక సంవత్సరమే పోవును. ఆడపిల్ల సంగతి అట్లు కాదు. ఆమె యింట గూర్చున్న యా సంవత్సరముననే సంబంధములు వచ్చును. "చదువు మరల చూతములే" యందురు. ఆ "మరల" యనునది ఎందరికి వచ్చినదో మన సోదరీమణులే యెరుగుదురు.

మన పెద్దల కాలమున ఈ పని వేరు విధముగ నుండెడిది. తండ్రియో అన్నయో వెంటబెట్టుకొని పోయి, ప్రిన్సిపాలుగారిని దర్శించి, దరఖాస్తు వ్రాసియిచ్చి, జీతము కట్టి వచ్చెడివారు. అడ్డంకులు కాగితములలో గాక మనుష్యులలో నుండెడివి. దుర్గాబాయమ్మగారు 1930 తరువాతి దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదని చెప్పిరట. ఆమె యూరకుండక, చదువగోరియు వసతి లేక యాగిపోయిన బాలికలు తనకు తెలుపవలసినదని పత్రికలో ప్రకటించి, కొందరిని కూడగట్టి, వసతి యేర్పడిన పిమ్మట చదువున ప్రవేశించిరని చెప్పుదురు. పాఠములు మొదలగుటకు ముందు ఆమెకు తటస్థించిన పని యది! నేటి బాలికకు అంత పని లేదు. నేటి పని చిన్నది. కాని దానిని తన చేతితో తాను చేసికొనుచున్నదా యనునదే నా ప్రశ్న.

తెలంగాణమున బి.ఏ., బి.కాం., బి.యస్‌సి. మొదలగు తరగతులలో ప్రవేశమునకు "దోస్త్" అను పద్ధతి 2016వ సంవత్సరము నుండి నడచుచున్నది. ఉన్నత విద్యామండలివారు దీనిని నిర్వహింతురు. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, శాతవాహన మున్నగు విశ్వవిద్యాలయముల క్రింది కళాశాలలలో చాలవానికి ఒక్క దరఖాస్తే చాలును. మొదట పేరు నమోదు చేసికొనవలెను. దీనికి 2025లో మొదటి విడతకు 200 రూపాయలు, తరువాతి విడతలకు 400 రూపాయలు రుసుముగ నుండినది. పిమ్మట కోరిన కళాశాలలను, కోరిన చదువులను వరుసగ నెన్నుకొనవలెను. మార్కులను, రిజర్వేషనులను బట్టి చోటు కేటాయింతురు. చోటు వచ్చిన తరువాత, దానిని స్వీకరించుచున్నానని బాలిక ఆన్‌లైనులో తెలుపవలెను. దీనిని సెల్ఫ్ రిపోర్టింగు అందురు. తుదకు కళాశాలకు పోయి పత్రములు చూపవలెను. ఆంధ్రప్రదేశమునందును డిగ్రీ ప్రవేశములు ఆన్‌లైను మూలముననే జరుగుచున్నవి గాన, అచ్చటి తల్లులకును ఈ మాటలు చాలవరకు పనికివచ్చును.

దీనికంతటికిని మూలము ఒక ఫోను నంబరు. ఆధారు కార్డునకు జతపరచిన నంబరునకు ఓటీపీ వచ్చును. అది చెప్పిననే నమోదు సాగును. దోస్త్ ఐడీయు, ఆరంకెల పిన్నును, చోటు వచ్చిన వార్తయు బాలిక యిచ్చిన నంబరునకే చేరును. మన యిండ్లలో ఆ నంబరు ఎవరిది? పిల్లకు ఆధారు తీయించిన నాడు తండ్రి నంబరో, మేనమామ నంబరో వ్రాయించియుందురు. నేడా తండ్రి లారీతో ఏ నాగపూరు దారిలోనో యుండును. ఆ మేనమామ దుబాయిలో నుండును. కొన్ని నంబరులు ఏనాడో మూతపడి పరుల చేతికి పోయినవి. ఇంటర్నెట్ సెంటరులో బల్లమీద గూర్చుండి "నాన్నా, ఓటీపీ వచ్చినదా? నాన్నా, వినబడుచున్నదా?" యని పిల్ల యరచుచుండగనే దాని గడువు దాటిపోవును. ఈ దృశ్యము వేసవిలో ఏ మండల కేంద్రమునకు పోయినను కనబడును.

కావున తల్లులారా, ఫలితములు రాకమునుపే పిల్లను వెంటబెట్టుకొని ఆధారు కేంద్రమునకు పొండు. ఆమె చేతిలో నుండు నంబరునే ఆధారునకు జతచేయింపుడు. వేలిముద్ర కావలెను గనుక పిల్లయే రావలెను. మార్పు నమోదగుటకు కొన్ని దినములు పట్టవచ్చును గనుక చివరి వారమునకు వాయిదా వేయరాదు. నంబరు జతపడనివారికి మీసేవా కేంద్రములందు వేలిముద్ర మూలమున నమోదు చేయు వీలును కల్పించుచు వచ్చిరి గాని, గడువు ముంచుకొని వచ్చిన దినమున అచ్చటి వరుసలు చూచినవారు దానిని నమ్ముకొని కూర్చుండరు.

"ఆడపిల్ల చేతికి ఫోనా?" యని ముసలివారు ముక్కున వ్రేలిడుకొందురు. వారి భయమును నేను తేలికగ త్రోసివేయను. ఫోను వలన చెడిన పిల్లలును, వేధింపబడిన పిల్లలును ఉన్నారు. ఐనను పదునెనిమిదేండ్లు వచ్చుచున్న పిల్ల చదువు తాళపుచెవి పరుని జేబులో నుండుట కంటె, తన చేతిలో నుండుటయే మేలని నా తలంపు. ఆ చేయి నిదానముగ నుండునట్లు నేర్పుట మన పని.

ఇంతగా చెప్పుటకు కారణము కలదు. కొన్ని కళాశాలలు పిల్లలు చాలక, ఊరూరికి మనుష్యులను పంపుచుండును. వారు మర్యాదగా వత్తురు, "చెల్లెమ్మా, నీకేమియు శ్రమ వలదు, అంతయు మేమే చేసిపెట్టెదము" అందురు. రుసుము సయితము తామే కట్టుదురు. పిల్లను ఓటీపీ మాత్ర మడుగుదురు. ఆ యాదరమునకు మురిసి ఆమె చెప్పును. ఎన్నుకొనదగిన కళాశాలల పట్టికలో వారి కళాశాల యొక్కటియే వ్రాయబడును. ప్రభుత్వ మహిళా కళాశాలలో సులభముగ చోటు రాదగిన మార్కులున్నను, ఆ పేరే పట్టికలో లేనప్పుడు యంత్రము మాత్ర మేమి చేయును? పిన్ను వారి చేతనే యుండుటచే మార్చుకొనుటకును దారి దొరకదు. ఇట్లు చేయుట తగదని అధికారులు పలుమారులు హెచ్చరించిరి. హెచ్చరికలు పత్రికలలో వచ్చును. మనుష్యులు గుమ్మము ముందరికి వత్తురు. ఊరక వచ్చిన 200 రూపాయల సాయమునకు మూడు సంవత్సరముల చదువు ఖరీదు కట్టినట్లగును గదా!

ఎన్నుకొనుట యను నీ మెట్టుననే తల్లి యొక పూట ప్రక్కన గూర్చుండవలెను. తల్లికి అక్షరములు రాకున్నను సరే. తెల్లకాగితముమీద ముందుగ వరుస వ్రాసికొని, ఆ వరుసనే ఎక్కింపవలెను. మొదటి పేరు మిక్కిలి కోరినదిగ నుండవలెను. అది రాదేమో యని భయపడి దిగువకు త్రోయ నక్కరలేదు. పైది రాకున్న క్రిందిది చూతురు గాని, పైది కోరిన తప్పునకు శిక్ష లేదు. ఒక్క పేరుతో మాత్రము ఊరకుండరాదు. పోనొల్లని కళాశాల పేరు వరుస నింపుటకై వ్రాయరాదు. అదియే వచ్చిన నేమి చేయుదురు? వసతిగృహము కలదా, సాయంకాలపు బస్సు ఎన్నింటికి, ఆ చదువు అచ్చట నిజముగ చెప్పుచున్నారా, పిల్లలు చాలలేదని నడుమ నెత్తివేసినారా యను సంగతులు అచ్చట చదువుచున్న పెద్దపిల్లలను అడిగినచో తెలియును. కరపత్రములవలన తెలియవు. ముగించిన తరువాత ఆ పుటను అచ్చు తీయించి దాచవలెను.

చోటు వచ్చిన పిదప ఊరట చెంది, స్వీకరించుచున్నానని తెలుపుట మరచువారు ప్రతియేటను కలరు. గడువులోగా తెలుపకున్నచో ఆ చోటు పోవును. తెలిపిన తరువాతను మెరుగైనదానికై తరువాతి విడతలో ప్రయత్నింపవచ్చును. కాని క్రొత్త చోటు వచ్చినచో పాతది తనంతట రద్దగును, రెంటిని పట్టుకొనుట కుదరదు. కళాశాలలో చేరు దినమున చెప్పవలసిన ఓటీపీ మరియొకటి కలదు. దానిని చెప్పిననే చేరిక స్థిరపడును. ఇంకను మనస్సు కుదరని పిల్ల దానిని ఎవరికిని చెప్పరాదు.

ఇక పత్రములు. పదవ తరగతి మెమో, ఇంటర్మీడియెటు మెమో, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులపత్రము, ఆదాయపత్రము, ఆధారు, ఫొటోలు. వీనిలో ఆదాయపత్రమే యెక్కువగ చిక్కు పెట్టును. అది ప్రకటనలో చెప్పిన తేదీకి తరువాత తహశీల్దారు ఇచ్చినదై యుండవలెను; నిరుటిది పనికిరాకపోవచ్చును. ఫీజు రీయింబర్స్‌మెంటునకు ఇదే యాధారము గనుక ముందే మీసేవలో దరఖాస్తు పెట్టుట మంచిది. పిల్ల పేరనే బ్యాంకు ఖాతా తెరచియుంచుడు.

పేర్ల సంగతి మన స్త్రీలకు ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. మెమోలో నున్న పేరును, ఆధారులోని పేరును అక్షరము తప్పక సరిపోవలెను. ఒకచోట "లక్ష్మి" యని, మరియొకచోట "మహాలక్ష్మి" యని యుండిన విద్యార్థి వేతనపు దరఖాస్తు ఆగిపోగలదు. పెండ్లియైన పిమ్మట చదువున చేరు కోడండ్రకు ఈ బాధ యధికము. అత్తవారు ముచ్చటపడి ఆధారులో ఇంటిపేరు మార్పింతురు. మెమోలో పుట్టింటి పేరే యుండును. అత్తగారలారా, కోడలి చదువు ముగియువరకు ఆ ముచ్చట ఆపుకొనుడు. ఇంటిపేరు ఎచ్చటికిని పోదు.

కళాశాలలో మూలపత్రములను చూచి సరిచూచుకొని తిరిగి యీయవలెను గాని, వానిని తమయొద్ద నుంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018వ సంవత్సరము అక్టోబరులో స్పష్టముగ ప్రకటించినది. టీసీ మాత్రము క్రొత్త కళాశాలకు చెందును, మిగిలినవి పిల్లవి. "ఉండనిండమ్మా, భద్రముగ నుండును" అని గుమాస్తా అన్నచో, నకళ్లు ఇచ్చి మూలములను వెనుకకు అడుగుటలో అమర్యాద యేమియు లేదు. నడుమ వేరు కళాశాలకు మారదలచిన పిల్లలను పత్రములు చూపి బెదరించుట విన్నదానను గనుక వ్రాయుచున్నాను. ఒకవేళ ఉంచుకొన్నచో, ఏయే పత్రములు తీసికొన్నారో వ్రాతమూలమున రసీదు పుచ్చుకొనవలెను.

ర్యాగింగు చేయనని విద్యార్థినియు, ఆమె తరఫున తల్లిదండ్రులును వ్రాసియిచ్చు ప్రమాణపత్రమును చాలమంది చదువకయే సంతకము చేయుదురు. హిమాచల ప్రదేశమున 2009 మార్చిలో ఒక వైద్య విద్యార్థి పైతరగతివారి దెబ్బలకు మరణించిన పిమ్మట, ఆ సంవత్సరముననే నిధుల సంఘమువారు చేసిన నిబంధనలలోనిది ఈ పత్రము. మన ఉమ్మడి రాష్ట్రమున 1997లోనే దీనిపై చట్టము వచ్చినది. ఆ పత్రమును పిల్లచే పైకి చదివింపుడు. ఏవి నేరములో అందు చెప్పబడినది గనుక, తాను చేయరానిదియే గాక, తనకు జరుగరానిదియు ఆమెకు తెలియును. ఇంటికి చెప్పుకొనుటకు సిగ్గుపడు పిల్లలకై 1800-180-5522 అను ఉచిత నంబరు కలదు. దానిని నోటుపుస్తకపు అట్ట వెనుక వ్రాయింపుడు.

ఛార్జీల భయము తెలంగాణమున కొంత తగ్గినది. 2023 డిసెంబరు 9 నుండి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చినది. గుర్తింపు కార్డు మాత్రము వెంట నుండవలెను. ప్రవేశము ముగిసిన తరువాత పాఠములు ఏనాడు మొదలగునో కళాశాలవారినే యడిగి తెలిసికొనుడు. మొదటి వారము పాఠములుండవని కొందరందురు; విషయములు ఎన్నుకొనుట, గ్రంథాలయపు కార్డు తీసికొనుట ఆ వారముననే జరుగుచుండును.

వసతిగృహములలో చేర్చువారు చూచుకొనవలసిన సంగతులు వేరుగ నున్నవి. వానిని వచ్చు మాసమున వ్రాయుదును.