చీట్ల పొట్లం, ఆటగాని లెక్క

సిగరెట్టు పెట్టెలోని అట్టముక్క కోట్ల రూపాయలకు అమ్ముడుపోతుందంటే నమ్మడం కష్టమే. కాని జరిగింది అదే. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్టు పెట్టెలలో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసిన చిన్న కార్డులు పెట్టేది. వాటిలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాని కార్డు కొద్దికాలానికే ఆగిపోయింది. అతనికి పొగాకు ప్రచారం గిట్టలేదని కొందరు, ప్రతిఫలం దగ్గర పేచీ వచ్చిందని మరికొందరు చెబుతారు. కారణం ఏదైనా మిగిలినవి కొద్ది ప్రతులే. 2022 ఆగస్టులో వాటిలో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లు పలికింది. అదే నెలలో, టాప్స్ కంపెనీ 1952లో అచ్చువేసిన మికీ మాంటిల్ కార్డు ఒకటి కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడై దానిని కూడా మించిపోయింది.

పొట్లం విప్పేదాకా లోపల ఎవరున్నారో తెలియకపోవడమే ఈ వ్యాపారానికి ఆయువుపట్టు. అగ్గిపెట్టెల లేబుళ్లు పోగుచేసిన బాల్యం గలవారికి ఆ ఉత్కంఠను వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. నేడా పొట్లం కాగితాన్ని విడిచి టెలివిజన్ తెర మీదికి ఎక్కింది. సోనీ సంస్థకు చెందిన శాన్ డియాగో స్టూడియో 2006 నుంచి ఏటేటా వెలువరిస్తున్న ‘ఎమ్మెల్బీ ది షో’ అనే వీడియో ఆటలో, 2012లో ‘డైమండ్ డైనాస్టీ’ అనే విభాగం చేరింది. ఇందులో ఆటగాడు కార్డులు కూర్చుకొని, వాటితో సొంత జట్టు కట్టుకొని ఆడతాడు. 85, అంతకు మించిన మార్కులున్న కార్డు వజ్రం; 80 నుంచి 84 వరకు బంగారం; 75 నుంచి 79 వరకు వెండి. ఆ దిగువన కంచు, సామాన్యం. ఇక్కడ చెలామణీ అయ్యే నాణెం పేరు ‘స్టబ్’, అనగా గేటు దగ్గర టిక్కెట్టు చించగా చేతిలో మిగిలే ముక్క. స్టబ్బులను ఆడి సంపాదించవచ్చు; అసలు డబ్బు పెట్టి కొననూ వచ్చు. చిక్కంతా ఈ రెండో దారిలోనే ఉన్నది.

డబ్బు పెట్టకుండా పొట్లాలు గెలవదలచినవాడు మొదట తెలుసుకోవలసింది శ్రమను ఎక్కడ పెట్టాలన్నది. ‘కాంక్వెస్ట్’ అనే విధానంలో ఆరు పలకల గడులుగా విభజించిన పటం ఒకటి ఉంటుంది. గడులను ఒక్కొక్కటిగా ఆక్రమిస్తూ పోతే కొన్నింటి కింద దాచిన పొట్లాలు బయటపడతాయి. ఇక్కడ సైన్యం అభిమానులే. దాడికి పంపిన అభిమానుల బలం ఎదుటివారి బలాన్ని ఎంతగా మించితే మ్యాచ్ అంత సులువవుతుంది. కనుక తొందరపడి నలుదిక్కులా విస్తరించడం కన్న, ఒకచోట బలం కూడగట్టి అటుపైన దెబ్బతీయడం మేలు. పైగా ఈ మ్యాచ్‌లు తొమ్మిది ఇన్నింగ్స్‌లవి కావు, మూడింటితో ముగుస్తాయి. 2022లో వచ్చిన ‘మినీ సీజన్స్’ పద్ధతి కూడా యంత్రంతో ఆడే ఇటువంటి పొట్టి మ్యాచ్‌ల వరుసే. పూర్తయిన తరువాత మళ్లీ మొదలుపెట్టవచ్చును.

అసలు కిటుకు ఈ పనులను ఒకదానిపై ఒకటి పేర్చడంలో ఉన్నది. ఫలానా కార్డుతో ఇన్ని పరుగులు తీయాలి, ఫలానా పిచర్‌తో ఇందరిని ఔట్ చేయాలి అనే నియోగాలు ఆటలో వేరుగా ఉంటాయి. ఆ ఆటగాళ్లనే జట్టులో పెట్టుకొని కాంక్వెస్ట్ ఆడినవానికి ఒకే మ్యాచ్‌తో పటంలో గడి దక్కుతుంది, నియోగం కొంత నెరవేరుతుంది, అనుభవ మార్కులూ చేరతాయి. ఆ మార్కుల నిచ్చెన మీద మెట్టుకొక బహుమతి. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒకే ప్రయాణంలో తీరినట్లు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క మ్యాచ్ ఆడేవాడు అదే ఫలానికి మూడింతల కాలం వెచ్చిస్తాడు.

పొట్లం దక్కిన తరువాతి లెక్క మరొకటి. కోరిన కార్డు కోసం స్టబ్బులతో పొట్లాల మీద పొట్లాలు కొనడం జూదానికి దగ్గర. అదే కార్డు ఆటలోని సంతలో నికరమైన ధరకు దొరుకుతుంది. అక్కడ కొనేవారు తమ ధర చెబుతారు, అమ్మేవారు తమ ధర చెబుతారు. అమ్మినప్పుడు నూటికి పది సుంకం పోతుంది. నాలుగు వేలకు కొని ఐదు వేలకు అమ్మితే చేతికి వచ్చేది నాలుగు వేల ఐదు వందలే. లాభం ఐదు వందలు. నాలుగు వేల నాలుగు వందలకు అమ్మితే వచ్చేది మూడు వేల తొమ్మిది వందల అరవై, అనగా నష్టం. కొన్న ధరపై నూటికి పదకొండుకు పైగా పెరిగితే తప్ప లాభం లేదన్నమాట. ఈ చిన్న లెక్క మరచి రోజంతా బేరమాడి కూడా మూలధనం తరిగిపోయేవారున్నారు.

లెక్క తెలిసినవాడు సైతం పొట్లం ముందు ఎందుకు చతికిలబడతాడు? బహుమతి ఎన్నో ప్రయత్నానికి వస్తుందో తెలియనప్పుడు ప్రాణి విడవకుండా ప్రయత్నిస్తూనే ఉంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ పావురాలపై చేసిన ప్రయోగాలలో నిరూపించాడు. జూదపు యంత్రాలు నిలిచింది ఈ సూత్రం మీదనే. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ మండలి, డబ్బు తీసుకొని అదృష్టం అమ్మే ఇటువంటి పెట్టెలు కొన్ని ఆటలలో తమ జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది. వాటిలో ఒక ప్రసిద్ధ ఫుట్‌బాల్ ఆట కూడా ఉన్నది. పిల్లలున్న ఇంటిలో తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆట యంత్రంలో బ్యాంకు కార్డు నంబరు భద్రపరచకపోవడం, ఖర్చుకు హద్దు పెట్టడం మొదటి జాగ్రత్తలు.

చివరిగా ఒక తేడా గమనించదగినది. వాగ్నర్ కార్డు నూరేళ్లు దాటి నిలిచింది. తెర మీది వజ్రానికి ఆ ఆయుష్షు లేదు. మరుసటి యేడు కొత్త ఆట వస్తుంది. పాత దానిలో కూడబెట్టిన కార్డులు అందులోకి రావు. కనుక సమర్థంగా సంపాదించడమంటే ఎక్కువ పొట్లాలు విప్పడం కాదు. తక్కువ గంటలలో, పైసా పెట్టకుండా, తనకిష్టమైన జట్టును కట్టుకొని ఆడగలగడమే. ఆ మ్యాచ్‌లో ఆనందం లేనినాడు పొట్లంలో ఏ వజ్రం వచ్చినా యంత్రాన్ని ఆపివేయడమే లాభసాటి బేరం.