చప్పట్లు కొట్టే ముందు

2025 అక్టోబరు 28. తెల్లవారి అయిదున్నర. పాలు పొయ్యి మీద పెట్టి, ఫోను పంచదార డబ్బాకి ఆనించి నిలబెట్టాను. అమెరికాలో అప్పుడు ముందురోజు సాయంత్రం. లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కీ, టొరంటో బ్లూజేస్‌కీ బేస్‌బాల్ ‘వరల్డ్ సిరీస్’ మూడో ఆట. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సుల్లో, మూడు గంటల లోపే తేలిపోయే ఆట అది. ఆ రోజు తేలలేదు. కాఫీలయ్యాయి. ఇడ్లీలయ్యాయి. కుక్కరు కూత పెట్టింది. మావారు రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూసి, ‘ఇంకా అవలేదా నీ ఆట?’ అని అడిగి వెళ్లారు. చివరికి పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో ఫ్రెడ్డీ ఫ్రీమన్ బంతిని గోడ అవతలికి కొట్టేసరికి 6 గంటల 39 నిమిషాలు గడిచాయి. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు దాటింది. పప్పు గరిటె చేతిలో ఉండగానే గట్టిగా చప్పట్లు కొట్టాను. పక్కింటావిడ కంగారుపడి, ‘ఏమైందండీ?’ అంటూ వచ్చింది.

ఏమైందని చెప్పను? విజయవాడలో ఉండే అరవై దాటిన అమ్మమ్మకి అమెరికా ఆటల పిచ్చి పట్టిందని చెప్పాలా? నవ్వుతారని చాన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. ఎందుకంటే ఈ పిచ్చి వెనకాల మనందరం ఆలోచించుకోవాల్సిన మాటొకటి ఉంది.

2023లో మా అమ్మాయి రెండో పురుటికి డల్లాస్ వెళ్లాను. పసిబిడ్డ రాత్రి పూట ఓ పట్టాన నిద్రపోయేది కాదు. అమ్మాయిని పడుకోమని, బిడ్డని ఒళ్లో వేసుకుని హాల్లో కూర్చునేదాన్ని. టీవీలో సౌండు తగ్గించి పదేళ్ల మనవడు ఆట చూస్తుండేవాడు. ఊరి జట్టు టెక్సాస్ రేంజర్స్. ఆ ఏడాదే వాళ్లు మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. ‘అమ్మమ్మా, ఇది మీ బిళ్లంగోడు లాంటిదే’ అని వాడే నాకు ఆట నేర్పాడు. చిన్నప్పుడు మా వీధిలో అన్నయ్యలతో బిళ్లంగోడు ఆడి, పెద్దమనిషినయ్యాక మానేసినదాన్ని. ఆ ఒక్క మాటతో ఆట నాదైపోయింది.

బేస్‌బాల్‌లో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు సరిగ్గా కొట్టగలిగినవాణ్ణి అక్కడ గొప్ప ఆటగాడంటారు. అంటే ఏడుసార్లు తప్పినా గొప్పవాడే! పదేళ్లు వండి ఒక్కరోజు కూరలో ఉప్పెక్కువైతే ఏకరువు పెట్టే ఇళ్లు చూసిన మనకి ఈ లెక్క ఎంత ఊరటగా ఉంటుందో చెప్పండి. పైగా ఒక్కో జట్టు సీజన్లో 162 ఆటలు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. ఇవాళ ఓడినా రేపుంది. మన డైలీ సీరియల్‌లా అన్నమాట.

ఫుట్‌బాల్ అలా కాదు, అది వారపత్రిక సీరియల్. వారానికొక్క ఆట, సీజన్‌కి 17 ఆటలు. పేరు ఫుట్‌బాలే కానీ, మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదిది. కాలితో తన్నడం తక్కువ, చేత్తో విసరడం, పట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. జట్టుకి పదకొండు మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్లనివ్వకుండా అవతలివాళ్లు మీదపడి పడేస్తారు. మన చెడుగుడు లాగే. కాకపోతే చాలామంది వంద కిలోల పైచిలుకు మనుషులు. మొదట్లో కళ్లు మూసుకునేదాన్ని. తరవాత తరవాత అందులోని ఎత్తూ, పైఎత్తూ అర్థమయ్యాయి. చదరంగానికి కాళ్లూ చేతులూ వస్తే ఇలాగే ఉంటుందనిపించింది.

నవంబర్లో అక్కడ థాంక్స్‌గివింగ్ పండగ. ఆ గురువారం డల్లాస్ కౌబాయ్స్ తప్పకుండా ఆడాల్సిందే. తెలిసినవాళ్లింట్లో మన తెలుగు కుటుంబాలన్నీ కలిశాయి. మగవాళ్లు టీవీ ముందు, ఆడవాళ్లు వంటింట్లో పులిహోర గిన్నెల ముందు. దేశం మారినా ఏర్పాటు మారలేదు! నేను నెమ్మదిగా వెళ్లి సోఫాలో కూర్చున్నాను. ఒకాయన మర్యాదగానే, ‘అత్తయ్యగారూ, ఛానల్ మార్చమంటారా? మీకు బోరు కొడుతుందేమో’ అన్నాడు. ‘వద్దు బాబూ, డారాన్ బ్లాండ్ ఇవాళ రికార్డు కొడతాడేమో చూడాలి’ అన్నాను. హాలంతా నా వైపు చూసింది. ఆ రోజు బ్లాండ్ నిజంగానే ఎదుటివాళ్లు విసిరిన బంతిని అందుకుని చివరి గీత దాకా పరుగెత్తాడు. ఒకే సీజన్లో అలా అయిదుసార్లు చేసిన మొదటి ఆటగాడయ్యాడు. వంటింట్లోంచి ఇంకో ఇద్దరు వచ్చి నా పక్కన కూర్చున్నారు. వాళ్లకీ ఆట తెలుసట. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఆట చూడ్డానికే ఇంత మొహమాటమైతే, ఆటలోకి వెళ్లడానికి ఆడవాళ్లు ఎంత నలిగి ఉండాలి! జెన్ పావల్ 2016లో చిన్న లీగుల్లో అంపైరుగా చేరింది. పెద్ద లీగులో నిలబడ్డానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2025 ఆగస్టు 9న అట్లాంటాలో ఆమె మైదానంలోకి వచ్చిన రోజున, మేజర్ లీగ్ సీజన్ ఆటకి అంపైరైన మొదటి మహిళ అయింది. కిమ్ ఎంగ్ 2020లో ఒక జట్టుకి జనరల్ మేనేజరైంది. అంతకు ముందు ఆ కుర్చీలో ఏ స్త్రీ కూర్చోలేదు. ఫుట్‌బాల్‌లో ముగ్గురు పిల్లల తల్లి శారా థామస్ 2021 సూపర్ బౌల్‌లో రిఫరీల బృందంలో నిలబడింది. ఆడవాళ్లలో ఆవిడే మొదలు. ఇక మైదానం పక్కన నవ్వుతూ నాట్యం చేసే చీర్‌లీడర్ల సంగతి. కోట్ల డాలర్ల ఆటలో వాళ్ల కూలి, గంటల లెక్కన చూస్తే చట్టం చెప్పిన కనీస వేతనం కూడా రావట్లేదని 2014లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. వాళ్లూ ఉద్యోగులేనని కాలిఫోర్నియా 2015లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. నవ్వు మొహాన ఉంటే చాలు, జీతం అడక్కూడదనుకోవడం మన దగ్గరే కాదన్నమాట.

ఇంతవరకూ చెప్పింది సరదా. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను.

2025 వేసవిలో ఒకరోజు అమ్మాయి వీడియో కాల్ చేసింది. మొహం వాడిపోయి ఉంది. మనవడు ఏడో తరగతికి వెళ్తున్నాడు. టెక్సాస్‌లో ఆ తరగతి నుంచే బడి ఫుట్‌బాల్ జట్లుంటాయి. వీడు చేరతానంటున్నాడు. బడివాళ్లిచ్చిన కాగితాల్లో, తలకి తగిలే దెబ్బల గురించి చదివి తెలుసుకున్నామంటూ పిల్లాడూ, తల్లిదండ్రులూ సంతకం చేసేదొకటుంది. అల్లుడుగారు చేస్తానంటున్నాడు, అమ్మాయి వద్దంటోంది. ‘వీడి స్నేహితులంతా ఆడుతున్నారు అత్తయ్యా. ఇక్కడ శుక్రవారం రాత్రి ఊరంతా బడి ఆటకే వెళ్తుంది. వీడొక్కడే బయట నిలబడాలా? మనం పరాయివాళ్లమని వాడికి అనిపించకూడదు కదా’ అన్నాడతను. అతని మాటలోనూ న్యాయం ఉంది. అమ్మాయి మాత్రం, ‘నువ్వే చెప్పమ్మా వాడికి. ఈ పిచ్చి పెంచింది నువ్వూ, వాడూ కలిసే కదా’ అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

వారం రోజులు టైమడిగి, దొరికిందల్లా చదివాను. మైక్ వెబ్‌స్టర్ అనే ఆటగాడు పిట్స్‌బర్గ్ జట్టుతో నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచాడు. ఆట మానేశాక మతి చెదిరి, కొన్నాళ్లు తన ట్రక్కులోనే బతికి, 2002లో యాభై ఏళ్లకే పోయాడు. నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు ఆయన మెదడు పరీక్షించి అందులో జబ్బుందని చెప్పాడు. దాన్ని సీటీఈ అంటారు. తలకి మళ్లీ మళ్లీ తగిలే దెబ్బలతో, స్పృహ తప్పించని చిన్న చిన్న దెబ్బలతో కూడా, ఏళ్ల తరబడి లోపల పెరిగే జబ్బు. మనిషి బతికుండగా ఖాయంగా తేల్చే పరీక్ష లేదు. బోస్టన్‌లో డాక్టర్ ఆన్ మెక్కీ అనే ఆవిడ, చనిపోయిన ఆటగాళ్ల మెదళ్లని పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పింది. పెద్ద లీగులో ఆడిన 111 మందిలో 110 మందికి ఆ జబ్బు కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్లు ఇచ్చి ఉంటారు కాబట్టి, ఆడిన ప్రతివాడికీ ఇది వస్తుందని అర్థం కాదు. ఆ మాట ఆవిడా చెప్పింది. కానీ కొట్టిపారేసే సంఖ్యా కాదు.

లీగు చాన్నాళ్లు ఒప్పుకోలేదు. 2016లో గానీ ఆ సంబంధం ఉందని వాళ్ల అధికారి నోట మాట రాలేదు. పాత ఆటగాళ్లకి ఇవ్వాల్సిన పరిహారం వంద కోట్ల డాలర్లు దాటింది. నిబంధనలు మార్చారు, హెల్మెట్లు మార్చారు. నిజమే. కానీ హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది గానీ, లోపల మెదడు కదలకుండా ఆపలేదు.

ఇవన్నీ చదువుతుంటే నాకు నేనే చెడ్డగా కనిపించాను. అన్ని ఆదివారాలు నేను చప్పట్లు కొట్టింది దేనికి? అవతలివాడు ఎగిరి కిందపడ్డప్పుడే కదా! మనవడికి నచ్చజెపుదామని కూర్చుంటే వాడే నన్నడిగాడు. ‘అమ్మమ్మా, టీవీలో వాళ్లాడితే నువ్వు చప్పట్లు కొడతావు, నేనాడతానంటే వద్దంటావు. వాళ్లకీ అమ్మమ్మలు ఉంటారు కదా?’

పన్నెండేళ్ల పిల్లాడి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను. ‘నువ్వన్నది నిజమే నాన్నా. నా తప్పూ ఉంది. తెలియక చప్పట్లు కొట్టాను. తెలిశాక నిన్నెలా పంపను?’ అన్నాను. ఆటే వద్దని మాత్రం అనలేదు. కౌబాయ్స్ గురించి మాట్లాడుకోవడం మానేద్దామనీ అనలేదు.

చివరికి ఇంట్లో అందరూ కూర్చుని ఓ దారి వెతికారు. ఇప్పుడు వాడు ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. మీదపడి పడేయడం ఉండదు. నడుముకి కట్టుకున్న రిబ్బను లాగేస్తే ఆట ఆగిపోతుంది. ఆడపిల్లలూ ఆడతారు. 2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకీ, మగవాళ్లకీ కూడా ఈ ఆట పెడుతున్నారు. పెద్దయ్యాక అసలు ఆట ఆడాలనుకుంటే అప్పుడు తన బుద్ధితో తనే నిర్ణయించుకుంటాడు. ఎండాకాలంలో బేస్‌బాల్ ఎలాగూ ఉంది. అదీ పూలపాన్పు కాదు లెండి. రేంజర్స్‌కి బంతి విసిరే కుమార్ రాకర్ సంగతే చూడండి. తండ్రి ఫుట్‌బాల్ ఆడినవాడు, తల్లి భారతీయ మూలాలున్న మహిళ. 2021లో ఒక జట్టు అతన్ని ఎంచుకుని కూడా, చెయ్యి బాగాలేదేమోనన్న అనుమానంతో వదిలేసింది. 2023లో మోచేతికి ఆపరేషనైంది. 2024 సెప్టెంబర్లో పెద్ద లీగులో మొదటి ఆట ఆడాడు. ఏ ఆటలో అయినా ఒంటికి కష్టం తప్పదు. ఎంత కష్టమో, ఏ వయసులో, ఎవరి ఇష్టంతో అన్నదే ప్రశ్న.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకంటారా? మన ఊళ్లోనూ ఉదయం అయిదింటికే కిట్టు భుజాన వేసుకుని క్రికెట్ కోచింగ్‌కి వెళ్లే పిల్లలున్నారు. ఫీజు ఎంతని అడుగుతాం. సెలక్షన్లు ఎప్పుడని అడుగుతాం. పదమూడేళ్ల పిల్లాడి చేత రోజుకి ఎన్ని బంతులు వేయిస్తున్నారు, నడుం నొప్పంటే ఎవరు చూస్తారు, దెబ్బ తగిలితే దగ్గర్లో డాక్టరున్నాడా అని ఎంతమందిమి అడుగుతున్నాం? ఇంకోవైపు, ఆడుకోడానికి జానెడు చోటు లేని మేడల్లో చదువులు. ఆడపిల్లైతే, ‘ఎండలో నల్లబడతావు’ అన్న మాట ఒకటి అదనం.

2025 నవంబరు 2 నేను మరిచిపోలేని రోజు. పొద్దున్న డాడ్జర్స్ పదకొండు ఇన్నింగ్సుల్లో 5-4తో సిరీస్ గెలిచారు. అర్ధరాత్రి దాటేసరికి ముంబయి పక్కన మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్ ఎత్తారు. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది. ఈసారి మావారు కూడా పక్కనే కూర్చుని చూశారు. నాకంటే గట్టిగా ఆయనే చప్పట్లు కొట్టారు.

కాబట్టి అక్కల్లారా, చెల్లెళ్లారా, ఆట చూడండి. రిమోట్ అడిగి తీసుకోండి. తెలియకపోతే పిల్లల్ని అడిగి నేర్చుకోండి. అభిమానించే హక్కు మనకీ ఉంది. దాంతోపాటు అడగాల్సిన బాధ్యతా ఉంది. నేను ఫుట్‌బాల్ చూడ్డం మానలేదు. కాకపోతే కిందపడ్డ ఆటగాడు లేచి నడిచేదాకా నా చేతులు ఒళ్లోనే ఉంటాయి. లేచాకే చప్పట్లు.