వీధి పాలవుతున్న స్నానాల నీళ్లు

అనంతపురం జిల్లాలో వాన చినుకు కోసం మొగులు వైపు చూడని రైతు లేడు. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన కూడా పడని జిల్లా ఇది. అయినా అదే రైతు ఇంట్లో స్నానాలకు, గిన్నెలకు వాడిన నీళ్లు తూము గుండా వీధిలో పడి పోతుంటే పట్టించుకునేవారు కనిపించరు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఏ పల్లెకు వెళ్లినా ఇదే తంతు. ఎగువ ఇంటి మురుగు దిగువ ఇంటి వాకిట్లో నిలుస్తుంది. దోమలు, వాసన, ఆపైన ఆడవారి మధ్య మాటా మాటా, చివరికి పంచాయితీ.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెల్లో తలకు రోజుకు 55 లీటర్లు కుళాయిలో రావాలి. లెక్కకు తగ్గట్టు నీళ్లు రాని ఊళ్లున్న మాట నిజమే. అందులో సగమే వచ్చాయనుకున్నా నలుగురున్న ఇంటికి 110 లీటర్లు. తాగడానికి, వంటకు, మరుగుదొడ్డికి పోను నాలుగు బిందెల నీళ్లయినా తూములో పడుతున్నాయి. ఒక సొర పాదు, ఒక బీర పాదు, ఒక మునగ, ఒక కరివేపాకు చెట్టు బతకడానికి ఆ నాలుగు బిందెలు చాలు.

2023 జులైలో టమోటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు సంతలో వట్టి సంచితో తిరిగి వచ్చిన ఇల్లాళ్లు ఎందరో. ఆ టమోటా పండించే జిల్లాలోనే ఈ అవస్థ! పెరట్లో నాలుగు పాదులుంటే సంత ఖర్చు పూర్తిగా తప్పుతుందని కాదు గాని, చేయి తడుముకోవాల్సిన రోజులు తగ్గుతాయి.

పని పెద్దదేమీ కాదు. తూము కింద రెండడుగుల లోతు గుంత తీసి, అడుగున ఇటుక ముక్కలు, వాటిపై కంకర, ఆపైన ఇసుక పోయాలి. మెతుకులు, జిడ్డు అక్కడే ఆగుతాయి. అక్కడి నుంచి చిన్న కాలువ తీసి పాదులకు మళ్లించాలి. నెలకోసారి పైనున్న ఇసుక మార్చాలి. ఇది చేయక గుంత పూడిపోయి, పనికిరాదని వదిలేసిన ఇళ్లే ఎక్కువ. గుంత తీసిన మగవారు ఇసుక మార్చే పని ఆడవారికి వదిలేయడం మరీ అన్యాయం.

ఒక జాగ్రత్త ఉంది. బట్టలు ఉతికిన మొదటి నీళ్లలో సబ్బు పొడి ఎక్కువ. అవి రోజూ పోస్తే ఉప్పు చేరి నేల గట్టిపడుతుంది. జాడించిన నీళ్లే పాదులకు పోయాలి. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, ఉల్లి మళ్లకు ఈ నీళ్లు పెట్టరాదు.

పెరట్లో మునగ వద్దని పెద్దలు అంటారు. గొంగళి పురుగుల భయమే దానికి కారణం. ఆ పురుగులు పగలు మానుకు గుంపుగా అంటుకొని ఉంటాయి. కాగడాతో కాల్చేస్తే సరి. తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పి.కె.ఎం.1 రకం విత్తనం నాటితే ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కాపుకొస్తుంది. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తులో నరికితే మళ్లీ చిగురిస్తుంది. పేను, ఆకు తినే పురుగుకు మందుల దుకాణానికి పరుగెత్తనక్కర లేదు. 50 గ్రాముల వేపగింజల పలుకు దంచి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లితే చాలు. వేపచెట్టు లేని ఊరు జిల్లాలో ఉందా?

అసలు చిక్కు కొత్త కాలనీలతో వచ్చింది. 2020 డిసెంబరు నుంచి పల్లెల్లో ఇచ్చిన స్థలాలు ఒకటిన్నర సెంటు, అంటే 72 చదరపు గజాలు. గోడలు లేచాక పెరడన్నది మిగలదు. మిగిలిన మూరెడు జాగాలో కూడా గచ్చు చేస్తున్నారు. గచ్చు ముచ్చటగానే ఉంటుంది. ఎండాకాలం ఆ సెగ ఇంట్లోకే వస్తుంది. గోడ వారన రెండడుగులు మట్టి వదిలితే సొర తీగ మిద్దె మీదికి పాకుతుంది. అదీ లేకుంటే ఖాళీ ఎరువుల సంచులు కడిగి, అడుగున చిల్లులు పెట్టి, మట్టి, పెంటఎరువు నింపి వంగ, మిరప పెంచవచ్చు.

ఇల్లు లేచాక తూము మార్చడం ఖర్చుతో కూడిన పని. వీధి వైపు పెట్టిన తూము పెరటి వైపు తిరగాలంటే నేల వాలు కూడా మార్చాలి. కాలనీల్లో పునాదుల కొలతలకు వచ్చే ఇంజనీర్లు ఆ రోజే తూము ఎటు పెట్టాలో, రెండడుగుల మట్టి ఎక్కడ వదలాలో ఇంటివారికి చెబితే అదనంగా పైసా ఖర్చు కాదు.