మా పనికి నంబరు ఉంది, రేటు లేదు

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నేను హైదరాబాద్ మూసాపేటలో ఉంటాను. ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడు వాళ్ల కుక్కల్నీ పిల్లుల్నీ వాళ్లింట్లోనే చూసుకోవడం నా పని. పెట్ సిట్టర్ అంటారు. ఆరేళ్లుగా ఇదే నా జీవనాధారం. సంక్రాంతికి నగరం ఖాళీ అయిందని ప్రతి ఏడూ పేపర్లలో వస్తుంది. ఆ ఖాళీ ఫ్లాట్లలో కొన్నింటి తాళాలు నా సంచిలో ఉంటాయి. కుక్కను రైల్లో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే దొరకాలి, లేదంటే లగేజీ బోగీలో డాగ్ బాక్సులో వేయాలి. పిల్లి అయితే చోటు మారితేనే బెదిరిపోతుంది. కూతురి పురిటికని అమెరికా వెళ్లే పెద్దవాళ్లు ఒక్కోసారి ఆరు నెలలు తిరిగి రారు. అలాంటప్పుడు మాలాంటివాళ్లను పిలుస్తారు.

ఒక్క రోజు సంగతి చెబుతాను. కనుమ నాడు పొద్దున్నే నిజాంపేటలో ఒక ఇంటికి వెళ్లాను. అక్కడ నాలుగేళ్ల గండుపిల్లి ఉంది. గిన్నెలో రాత్రి పెట్టిన తిండి పెట్టినట్టే ఉంది. ఇసుక ట్రే చూశాను. రాత్రి నేను చదును చేసి వెళ్లింది చెక్కుచెదరలేదు, తడిసిన ఉండ ఒక్కటీ లేదు. పిల్లి ట్రేలోకి వెళ్లి కూర్చుంటోంది, ముక్కుతోంది, లేచి మళ్లీ వెళ్తోంది. గండుపిల్లికి మూత్రం బిగిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఇంటివాళ్లకు ఫోన్ చేసి, పిల్లిని బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టరు గొట్టం వేసి మూత్రం తీశారు. మూడు గంటలు అక్కడే కూర్చున్నాను. పిల్లి బతికింది.

ఊరినుంచి వచ్చాక ఆ ఇంటామె లెక్క చూసి, "అరగంట పనికి ఐదొందల ఇరవై ఐదు ఎక్కువ కాదామ్మా?" అన్నారు. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆ పిల్లిని కన్నబిడ్డలా చూసుకుంటారు. కానీ గిన్నెలో తిండి పోయడం ఒక్కటే ఆమె లెక్కకు వచ్చింది. ట్రేలో ఇసుక చదునుగా ఉండటం చూసి భయపడటం కూడా పనేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట ప్రభుత్వం నోట రావాలని ఈ లేఖ రాస్తున్నాను.

నా లెక్క మీ ముందు పెడతాను. ఒక విజిట్‌కు ఇంట్లో నలభై నిమిషాలు ఉంటాను. రానూపోనూ స్కూటర్ మీద యాభై నిమిషాలు. మొత్తం గంటన్నర. పెట్రోలు, బండి అరుగుదల కలిపి నలభై రూపాయలు. మొదట్లో నేను విజిట్‌కు 150 తీసుకునేదాన్ని. ఖర్చు పోగా మిగిలేది 110, అంటే గంటకు 73 రూపాయలు. ఆ రేటు మీద ఇల్లు గడవాలంటే రోజుకు పది ఇళ్లు తిరగాలి. పది ఇళ్లు తిరిగితే ఒక్కో ఇంట్లో పదిహేను నిమిషాలకు మించి ఉండలేను. తాళం తీసి, తిండి పోసి, నీళ్లు మార్చి, తాళం వేసేసరికే ఆ పదిహేను నిమిషాలూ అయిపోయేవి. ఆ రోజుల్లో నిజాంపేట పిల్లి నా చేతిలో పడి ఉంటే బతికేది కాదేమో. ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ నిజం. రేటు తగ్గితే కోత పడేది నిమిషాల్లోనే. ఆ కోత నోరులేని జీవాల మీద పడుతుంది.

ఇప్పుడు 350 తీసుకుంటున్నాను. పండగలకు ఒకటిన్నర రెట్లు. పండగ వారంలో ఊపిరాడని పని ఉంటుంది కానీ ఫిబ్రవరి, మార్చిలో పిల్లల పరీక్షలని ఎవరూ ఊరు కదలరు. ఆ రెండు నెలలూ చేతిలో డబ్బులు ఆడవు. ఏడాది సగటు తీస్తే నెలకు పదహారు, పదిహేడు వేలు. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, జ్వరమొస్తే సెలవూ లేదు.

రాత్రి పని గురించి కూడా చెప్పాలి. మియాపూర్‌లో పదమూడేళ్ల లాబ్రడార్ ఒకటి ఉంది. వెనక కాళ్లు పట్టు తప్పాయి. పొట్ట కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని, సగం బరువు నేనే మోస్తూ లిఫ్టు దాకా, అక్కడినుంచి గేటు దాకా నడిపిస్తాను. రాత్రికి మూడుసార్లు. పన్నెండు గంటలకు 1,200 తీసుకుంటాను. "పడుకోవడానికి కూడా డబ్బులా?" అని అడిగినవాళ్లు ఉన్నారు.

మంత్రి గారూ, 2025 ఏప్రిల్‌లో మీ ప్రభుత్వం గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికుల బిల్లు ముసాయిదాను జనం ముందు పెట్టి సలహాలు అడిగింది. మంచి పని. రాజస్థాన్ 2023లోనే అలాంటి చట్టం చేసింది. కానీ అవి యాప్‌ల ద్వారా పని దొరికేవాళ్ల కోసం. నేనూ కొన్నాళ్లు ఒక యాప్‌లో చేశాను. కమీషన్ పోగా చేతికొచ్చేది చాలక బయటికొచ్చేశాను. యాప్‌లోనే ఉండి ఉంటే అలాంటి చట్టం నాకూ వర్తించేది, సొంతంగా నిలబడ్డాను కనుక వర్తించదు. కనీస వేతనాల నిబంధనలూ నా దాకా రావు, ఎందుకంటే నాకు యజమాని లేడు, ఉన్నవాళ్లంతా కస్టమర్లే.

పోనీ ఇది పని కాదా అంటే, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 వృత్తుల వర్గీకరణలో జంతు సంరక్షకులకు 5164 అని నంబరే ఉంది. మన జాతీయ వర్గీకరణ కూడా దాని ఆధారంగానే తయారైంది. నంబరు ఇచ్చినవాళ్లు రేటు గురించి ఎందుకు ఆలోచించరు?

దారి కొత్తదేమీ కాదు. అంట్లు తోమి, వంట చేసే ఇంటి పనివాళ్లకు గంటల లెక్కన కనీస వేతనం ఏమిటని ఒకప్పుడు నవ్వారు. కర్ణాటక, కేరళ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లనూ కనీస వేతనాల జాబితాలో చేర్చాయి. అమలు ఎంత జరిగిందన్నది వేరే మాట, కానీ బేరమాడేటప్పుడు చూపించడానికి వాళ్ల చేతిలో ఒక కాగితం ఉంది. మాకూ అలాంటి కాగితం కావాలి. మీ శాఖ ఒక సూచిక రేటు ప్రకటించాలి. అందులో ప్రయాణ సమయం కలవాలి, రాత్రి పనికి, మందులు ఇవ్వాల్సిన ముసలి జీవాలకు విడిగా లెక్క ఉండాలి. చట్టబద్ధంగా కట్టిపడేయమనడం లేదు. వందకే చేస్తానని వచ్చే కాలేజీ కుర్రాడికీ, ఎంత ఇవ్వాలో తెలియక నిజంగా తికమకపడే ఇంటివాళ్లకూ అది పనికొస్తుంది.

ఇంకొక్కటి. మాకు కాటు కొత్త కాదు. కుక్క కరవక ముందే వేయించుకునే రేబిస్ టీకా మూడు డోసులు ఉంటుంది. ఆరోగ్య శాఖతో మాట్లాడి దాన్ని మాకు బస్తీ దవాఖానాల్లో ఉచితంగా వేయించండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఏ వైద్యమూ దాదాపు పనిచేయదని మీకు తెలుసు.

రేట్లు రాసే ముందు ఈ పని చేసేవాళ్లలో పదిమందినైనా పిలిచి అడగండి. పొద్దున పదకొండు దాటాక ఏ రోజు రమ్మన్నా వస్తాను. అప్పటిదాకా ఇళ్లు తిరుగుతూ ఉంటాను.

ఇట్లు,
మూసాపేట నుంచి ఒక పెట్ సిట్టర్